మడి కట్టుకున్న మోడెం

ఇరవై ఏళ్ళుగా వంశీధర్‌ని ఒక సందేహం వదలలేదు. ఆ రోజు రాముడు పొంగలి తిన్నాడా, లేదా?

అతనికి ఎనిమిదేళ్ళప్పుడు, ఒక శ్రీరామనవమి పొద్దున్న, పంజగుట్ట సందులోని అద్దె ఇంట్లో, దండెం మీద ఆరేసిన తల్లి మడిచీరకి అతని చెయ్యి తగిలింది. కావాలని కాదు. అటక మీద పడ్డ బంతి కోసం కుర్చీ ఎక్కాడు, కుర్చీ ఒరిగింది, చేతికి దొరికింది పట్టుకున్నాడు. దొరికింది చీర. ఎవరూ చూడలేదు. స్నానం చేసి వచ్చిన తల్లి హైమవతి అదే చీర కట్టుకుని, చక్రపొంగలి వండి, రాముడికి నైవేద్యం పెట్టింది. వంశీధర్ గుమ్మం దగ్గర నిలబడి, సందు చివరి గుళ్ళో ఉన్న హనుమంతుడికి మనసులోనే మొక్కుకున్నాడు.

"స్వామీ, అమ్మకి తెలియకుండా చూడు. కొబ్బరికాయ కొడతాను."

అమ్మకి తెలిసినట్టు లేదు. కొబ్బరికాయ కొట్టనూ లేదు. ఎనిమిదేళ్ళవాడు కొబ్బరికాయ కావాలంటే ఎందుకని అడిగేది అమ్మే కదా. పెద్దయ్యాక సిగ్గు అడ్డమొచ్చింది. మొక్కు అలాగే ఉండిపోయింది, దానితోపాటు సందేహమూ. రాముడు ఆ పొంగలి తింటే ఇన్నాళ్ళూ అమ్మ పడ్డ మడి కష్టం ఎందుకు? తినకపోతే ఆ సాయంత్రమే నాన్నకి ప్రమోషన్ కాగితం ఎలా వచ్చింది?

ఇలాంటి సందేహం పట్టుకున్నవాడు మడినైనా వదిలేయాలి, మరింత గట్టిగానైనా పట్టుకోవాలి. వంశీధర్ రెండూ చేశాడు. వంటింటి మడి వదిలేసి, కంప్యూటర్‌కి మడి కట్టాడు.

అది రెండువేల ఐదు. అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే దాని మీద ఏదో ఒక కోర్సు పేరు అంటించేవారు. గోడలు అయిపోతే స్తంభాలు, స్తంభాలు అయిపోతే ఆగిన ఆటోలు. వంశీధర్ సోమవారం నుంచి శుక్రవారం దాకా బేగంపేటలో ఒక కంపెనీలో ఎవరికీ చూపించని సాఫ్ట్‌వేర్ రాసి జీతం తీసుకునేవాడు. ఆదివారం వచ్చేసరికి, సాఫ్ట్‌వేర్ అన్నది అందరూ చూడగలగాలి, మార్చుకోగలగాలి, పంచుకోగలగాలి అని ఉపన్యాసాలిచ్చి ఆ వారం పాపం కడుక్కునేవాడు.

అతను కార్యదర్శిగా ఉన్న స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మిత్రమండలి నెలకొక ఆదివారం పంజగుట్టలో, ఒక టిఫిన్ సెంటర్ పైన అద్దె హాల్లో శిబిరం పెట్టేది. హాస్టల్ కుర్రాళ్ళు సీపీయూలని ఒళ్ళో పెట్టుకుని ఆటోల్లో వచ్చేవారు. మండలివాళ్ళు విండోస్‌కి బదులు, లోపలి రాత అందరికీ తెరిచి ఉండే లినక్స్ ఉచితంగా ఎక్కించి పంపేవారు. నియమం ఒక్కటే. లోపల ఏముందో చూడనివ్వని మూసిన ప్రోగ్రాం ఏదీ ఆ గడప లోపల ఎక్కించకూడదు.

జనవరి శిబిరంలో హనుమత్ప్రసాద్ అనే రిటైరైన పెద్దాయన వచ్చారు. లినక్స్ ఎక్కింది. ఫోన్ తీగ మీద నెట్‌కి కలిపే మోడెం మాత్రం పలకలేదు.

"దీనికి కంపెనీవాళ్ళ డ్రైవర్ కావాలండీ," అన్నాడు వంశీధర్. "అంటే మోడెంని కదిలించే చిన్న ప్రోగ్రాం. అది మూసిన సరుకు. మేం పెట్టం."

"మూసి ఉంటే ఏమైంది బాబూ?"

"లోపల ఏముందో మీరు చూడలేరు."

"తెరిచినా చూడలేను. శుక్లాలు."

"మీరు చూడకపోయినా చూసే హక్కు మీకుండాలి కదండీ."

"ఉండనీ, ఉంచుకుంటాను. హక్కుతోపాటు మోడెం కూడా ఉంచుకోవచ్చా? విశాఖలో మా స్నేహితుడితో మెయిల్లో చదరంగం ఆడుతున్నాను. నా గుర్రం ప్రమాదంలో ఉంది."

వంశీధర్ ఆయనకి స్వేచ్ఛ గురించి ఇరవై నిమిషాలు చెప్పాడు. ఆయన శ్రద్ధగా విన్నారు. నీళ్ళు తాగి వస్తానని చెప్పి సీపీయూతో సహా వెళ్ళారు. నీళ్ళకి సీపీయూ ఎందుకో వంశీధర్‌కి ఒక నిమిషం ఆలస్యంగా తోచింది.

బయటికొచ్చి చూస్తే, మెట్ల మలుపులో ఆయన సీపీయూ తెరిచి ఉంది. దాని ముందు ఒకమ్మాయి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముడి వేసిన జుట్టులో పువ్వుకి బదులు స్క్రూడ్రైవర్ దోపుకుంది. పక్కన పాత మానిటర్, చేతిలో ఒక సీడీ. మోడెం కీచుమని పలికింది. పెద్దాయన ముఖం వెలిగింది.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నాడు వంశీధర్.

"పెద్దాయన గుర్రాన్ని కాపాడుతున్న," అంది ఆ అమ్మాయి, తలెత్తకుండా.

"అది మూసిన డ్రైవర్."

"ఎరికే సార్. ఆయనకు సుత చెప్పిన. ఇది మూసింది, రేపు పాడైతే నేను సుత బాగుచెయ్యలేను, పెట్టాల్నా వద్దా అని అడిగిన. పెట్టు బిడ్డా అన్నడు."

"మా శిబిరంలో ఇది నిషిద్ధం."

"మీ శిబిరం గా గడప దాకనే కద సార్. గివి మెట్లు. మెట్లు ఇంటి ఓనర్‌వి."

వంశీధర్ గడప వంక చూశాడు. తన బూట్లు రెండూ గడపకి ఇవతలే ఉన్నాయి. వాదించడానికి చోటు కూడా తనది కాదు.

"మీ పేరు?"

"సుష్మిత. అమీర్‌పేటల రిపేర్ షాపు. మీ పేరు నాకు తెలుసు, పాంప్లెట్ మీద ఫొటో ఉన్నది." అప్పుడు తలెత్తి చూసింది. "ఫొటోల జర నవ్వుతరు."

ఆ రోజు వంశీధర్ ఇంటికెళ్ళి పాంప్లెట్ తీసి చూసుకున్నాడు. నిజమే, నవ్వుతున్నాడు.

ఫిబ్రవరిలో ఆమె మళ్ళీ మెట్ల మీదే కూర్చుంది. మార్చిలోనూ అంతే. లోపల స్వేచ్ఛ, బయట మోడెం అని హాస్టళ్ళలో పేరు పడింది. వంశీధర్ కూడా మొదట్లో ముఖం ముడుచుకున్నవాడు, మోడెం గురించి ఎవరైనా అడిగితే "మా దగ్గర లేదండీ" అని, గుమ్మం వైపు చూసి దగ్గడం నేర్చుకున్నాడు. ఆ దగ్గుకి అర్థం అందరికీ తెలిసిపోయింది. లోపలి నియమం చెడలేదు, బయటి మోడెం ఆగలేదు.

"మీకు దగ్గు మస్తు పెరిగింది సార్," అంది సుష్మిత ఒక రోజు, టీ గ్లాసు అందిస్తూ. "నాకు పేషెంట్లను పంపుడు ఆపి, మీరు డాక్టర్‌కు చూపించుకోండ్రి."

"సార్ అనకండి. నేను మీ మాస్టారిని కాదు."

"గట్లనా. మరి నన్ను 'అండి' అనకు. నేను నీ కస్టమర్‌ను కాదు."

ఏప్రిల్ నుంచి శిబిరానికి హైమవతి పులిహోర పంపడం మొదలుపెట్టింది. పంపడం అంటే తనే తెచ్చేది. తెచ్చేది కానీ హాల్లోకి వచ్చేది కాదు. చెప్పుల కాళ్ళతో తిరిగే చోట నా గిన్నె పెట్టను అనేది. మోకాళ్ళ నొప్పితో మెట్ల మలుపులో కూర్చునేది. అక్కడ సుష్మిత ఉండేది. గడపకి ఇవతల ఉండేవాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవారో వంశీధర్‌కి తెలియదు. ఒకసారి వెళ్తే ఇద్దరూ నవ్వడం ఆపేశారు.

జూన్ శిబిరం సాయంత్రం వాన. టిఫిన్ సెంటర్ రేకు కింద వంశీధర్, సుష్మిత ఇద్దరే నిలబడ్డారు. పంజగుట్ట చౌరస్తాలో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి, ఆటోలు పడవల్లా కదులుతున్నాయి.

"నిన్నొకటి అడగాలి," అన్నాడు వంశీధర్. "నీకు మా మాట మీద నమ్మకం లేదా? మరి శిబిరానికెందుకు వస్తావు?"

"నమ్మకం లేకుంటే ఎందుకొస్త?" వాన చినుకు ఒకటి ఆమె ముక్కు మీద పడి, ఎటు పోవాలో తెలియక ఆగింది. "మా నాయన పోచయ్య సనత్‌నగర్ ఫ్యాక్టరీల మెషీన్ మీద పని చేసిండు. మెషీన్ ఆగితే కంపెనీ మనిషి వచ్చేదాక మూత తెరవద్దు. మా నాయనకు ఏం పోయిందో ఎరికే, అయినా చెయ్యి పెట్టద్దు. మూడు రోజులు ఊకె కూసునేటోడు. అందుకే నాకు మూతలంటే పడది. కానీ మూత వద్దని మెషీనే వద్దంటే, పెద్దాయన చదరంగం ఎట్ల ఆడాలె?"

వంశీధర్ దగ్గర ఇరవై నిమిషాల జవాబు ఉంది. ఆ చినుకు జారిపోయేదాకా అతనికి అందులో ఒక్క మాటా గుర్తు రాలేదు.

జులైలో మండలి సమావేశంలో తారక్ లేచాడు. తారక్ అంటే మండలిలో అందరికంటే నిష్ఠాపరుడు. లినక్స్ బొమ్మ లేని చొక్కా అతనికి లేదని ప్రతీతి.

"గడప దాటగానే ధర్మం మారిపోతుందా?" అని అడిగాడు. "లోపల మనం మడిగా ఉండి, బయట అన్నీ కలిపేస్తుంటే చూస్తూ దగ్గుతామా? మెట్లతో సహా ఈ భవనంలో ఎక్కడా మూసిన డ్రైవర్ ఇవ్వకూడదు. ఇచ్చినవాళ్ళు మనవాళ్ళు కారు. చేతులెత్తండి."

తొమ్మిది చేతులు లేచాయి. అందరూ కార్యదర్శి వంక చూశారు. తారక్ చెప్పినదాంట్లో తర్కం తప్పు లేదు. తర్కం తప్పు లేనప్పుడు చెయ్యి దానంతటదే లేస్తుంది. వంశీధర్ చెయ్యి లేచింది.

చెయ్యి పైనుండగానే అతను గుమ్మం వైపు చూశాడు. సుష్మిత టీ ఫ్లాస్కుతో గడప దగ్గర నిలబడి ఉంది.

"మస్తు పొడుగున్నది సార్, మీ చెయ్యి," అంది.

ఫ్లాస్కు గడప లోపల పెట్టి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. అతనికి అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది, తిరిగొచ్చిన ఆ సార్.

ఆగస్టు శిబిరం ఎంత పవిత్రంగా జరిగిందంటే, మధ్యాహ్నానికి ఎవరూ మిగల్లేదు. మోడెం పలకదని తెలిసిన హాస్టల్ కుర్రాళ్ళు అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద దొంగ విండోస్ సీడీ కొనుక్కుని తిరిగి వెళ్ళారు. అక్కడ గడపలు లేవు. మండలివాళ్ళు మిగిలిన పులిహోర తింటూ స్వేచ్ఛ గురించి ఒకరికొకరు చెప్పుకున్నారు. పులిహోర కూడా టిఫిన్ సెంటర్‌ది. హైమవతి ఆ నెల రాలేదు. మోకాళ్ళు అంది.

వంశీధర్ రెండుసార్లు సుష్మిత షాపుకి వెళ్ళాడు. అమీర్‌పేటలో ఒక కాంప్లెక్స్ మొదటి అంతస్తు, రెండు కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న చిన్న గది.

"ఏం పాడైంది సార్?" అంది సుష్మిత, మదర్‌బోర్డు మీద నుంచి చూపు ఎత్తకుండా.

"ఏమీ పాడవలేదు."

"మరి ఎందుకొచ్చిన్రు? బాగున్నవి నేను చూడను."

రెండోసారి తన కీబోర్డు తీసుకెళ్ళాడు, అందులో రెండు కీలు తనే పీకి. ఆమె రెండు నిమిషాల్లో అతికించి ఇచ్చేసింది. "ఇంకోసారి పీకేటప్పుడు స్క్రూడ్రైవర్‌తోని పీకకు, గీతలు పడ్డయ్," అంది. 'పీకకు' అందని, 'పీకకండ్రి' అనలేదని, ఇంటిదాకా నడుస్తూ అదే తలుచుకున్నాడు.

ఇల్లు కూడా వింతగా తయారైంది. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా ఎంగేజ్. పిన్నితో మాట్లాడుతున్నానురా అనేది అమ్మ. ఆగస్టు చివర్లో అతను ఇంటి కంప్యూటర్‌లో లినక్స్ కొత్త వెర్షన్ వేశాడు. మర్నాటి నుంచి ఫోన్ మొదటి రింగుకే కలిసేది. అమ్మ ముభావంగా ఉండేది.

"దానికి ఏం చేశావు?" అని అడిగింది ఒక రోజు, కంప్యూటర్ వంక చూపించి.

"కొత్త వెర్షన్ వేశానమ్మా. ఏం?"

"ఏం లేదు. ఊరికే."

సెప్టెంబర్లో ఒక బుధవారం తలనొప్పిగా ఉండి మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర ఎవరివో చెప్పులు. ముందు గదిలో అతని కంప్యూటర్ ముందు సుష్మిత కూర్చుని ఉంది. జుట్టులో స్క్రూడ్రైవర్, చేతిలో అమ్మ స్టీలు గ్లాసు, గ్లాసులో కాఫీ. పక్కన అమ్మ. అమ్మ ఆ గ్లాసులు ఇంటికొచ్చిన బంధువులకి కూడా ఇవ్వదు.

హైమవతి లేచి ఇంకో గ్లాసు అందుకుంది.

"కాఫీ తాగుతావా?" అంది.

"ఏం జరుగుతోందమ్మా ఇక్కడ?"

"మోడెం పని చెయ్యట్లేదురా."

"అది ఎప్పుడూ పని చెయ్యలేదు కదా. నేను డ్రైవర్ పెట్టలేదు."

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. సుష్మిత తెర మీద 'స్తోత్రాలు' అన్న ఫోల్డర్ తెరిచింది. అమ్మ సొంత ఫోల్డర్ కదా అని వంశీధర్ దాన్ని ఎన్నడూ తెరవలేదు. అందులో స్తోత్రాల మధ్య, బుద్ధిగా, నెట్‌కి కలిపే బొమ్మ ఒకటి ఉంది. మధ్యాహ్నాలు ఫోన్ ఎందుకు ఎంగేజ్‌లో ఉండేదో అతనికి అప్పుడు అర్థమైంది.

"ఏప్రిల్ల పెట్టిన," అంది సుష్మిత. "ఆంటీకి భజన మండలి కోసం కీర్తనలు కావాలె. నిన్ను అడిగితే స్వేచ్ఛ గురించి చెప్పినవంట."

"ఇరవై నిమిషాలు," అంది హైమవతి.

వంశీధర్ కుర్చీలో కూర్చున్నాడు. నా ఇంటి కంప్యూటర్‌లో ఒక్క మూసిన ప్రోగ్రాం లేదని అతను ఐదు నెలలుగా ఊరంతా చెప్పుకున్నాడు. ఆ సమావేశంలో చెయ్యి ఎత్తేటప్పుడు కూడా అదే ధైర్యం.

"నాకు చెప్పకుండా ఎలా పెట్టావమ్మా? నువ్వు ఇంత మడి పాటించేదానివి."

హైమవతి గ్లాసు కింద పెట్టింది. "నా మడి నాదిరా. తెల్లవారి తడిబట్ట ఆరేసుకుని నేను కట్టుకుంటాను. నువ్వు కట్టుకోమని ఎప్పుడైనా అన్నానా? మీ నాన్న హోటల్లో తినొస్తే, అన్నం పెట్టకుండా గడప బయట నిలబెట్టానా? నువ్వు నీ ఒక్కడికే కట్టుకుంటే ముచ్చటగా ఉండేది. ఊరందరికీ కట్టబెడుతున్నావు. కట్టుకోనివాళ్ళని మెట్ల మీద కూడా కూర్చోనివ్వవు."

ఈ మాటకి సుష్మిత నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"నీ మాట సుత నిజమే వంశీ," అంది నెమ్మదిగా. "నువ్వు కొత్త వెర్షన్ వేసినవ్. పాత డ్రైవర్ దీనికి సరిపోదు. కొత్తది తెద్దామంటే ఆ కంపెనీ మూతపడ్డది. లోపలి రాత ఎవరి దగ్గర లేదు. అదే తెరిచి ఉంటే నేనే కూసుని సరిచేస్తుంటి. రెండు గంటల నుంచి మొత్తుకుంటున్న. మా నాయన మెషీన్ లెక్కనే అయింది."

కంప్యూటర్ ముందు ముగ్గురూ కూర్చున్నారు. ముగ్గురిలో ఎవరి మాటా పూర్తిగా గెలవలేదు. మోడెం ఎవరి పక్షానా పలకలేదు.

"తెరిచిన డ్రైవర్‌తోనే నడిచే మోడెం ఉంటుంది, బయట పెట్టేది," అన్నాడు వంశీధర్. "రేపు కోఠీలో వెతుకుతాను. లేదా పాత వెర్షన్ మళ్ళీ వేస్తాను, ఆ మూసిన డ్రైవర్‌తోనే నడుస్తుంది. నీకేది కావాలమ్మా?"

అమ్మని ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. హైమవతి ఆలోచించింది.

"ఏది తొందరగా వస్తే అది. శరన్నవరాత్రులు దగ్గరికొచ్చాయి."

వంశీధర్ నవ్వబోయి ఆగాడు. తల్లి వంక చూశాడు. చెప్పాల్సినది ఇప్పుడు చెప్పకపోతే ఇంకో ఇరవై ఏళ్ళు పడుతుందనిపించింది.

"అమ్మా, నీకొకటి చెప్పాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, శ్రీరామనవమి నాడు..."

"మడిచీర ముట్టుకున్నావు."

వంశీధర్ తన చేతి వంక చూసుకున్నాడు.

"అంచు మీద నీ అయిదు వేళ్ళ మట్టి మరక ఉందిరా. కనపడదా నాకు?"

"మరి అదే ఎందుకు కట్టుకున్నావు?"

"ఇంకోటి తడిపి ఆరేసరికి మధ్యాహ్నం రెండయ్యేది. నైవేద్యం అయితే కానీ నువ్వు తినవు. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నువ్వు." హైమవతి సుష్మిత చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. "రాముడు సర్దుకుంటాడనుకున్నాను. ఆయనా ఒక తల్లికి కొడుకే కదా."

ఆవిడ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళ సందేహం అంత చిన్న జవాబుతో తీరుతుందని వంశీధర్ అనుకోలేదు. కళ్ళు తుడుచుకుంటుంటే సుష్మిత తెర వంకే చూస్తూ, చూడనట్టు కూర్చుంది.

"నేను ఆ రోజు చెయ్యి ఎత్తకుండా ఉండాల్సింది," అన్నాడు.

"ఎత్తినవ్ కద."

"దించడం ఎలాగో చెప్పు."

"పదిమంది ముంగట ఎత్తినవ్," అంది సుష్మిత, చెప్పులు వేసుకుంటూ. "మా షాపుల దించితే ఎవరు చూస్తరు?"

ఆ వారమే కోఠీలో మోడెం దొరికింది. హైమవతి కీర్తనలు, మధ్యాహ్నం ఎంగేజ్ టోన్, రెండూ తిరిగొచ్చాయి.

అక్టోబర్ సమావేశంలో వంశీధర్ లేచి నిలబడి, ముందు తన ఇంటి మోడెం కథ దాచకుండా చెప్పాడు. తర్వాత ఒక మాట పెట్టాడు. వచ్చినవాళ్ళకి మూసినదేదో తెరిచినదేదో, మూసినదానితో రేపు రాబోయే నష్టమేమిటో మనం చెప్పాలి. ఆ తర్వాత ఎన్నుకునేది వాళ్ళు. చెప్పకుండా పెట్టడం మోసం, చెప్పాక అడ్డుపడటం పెత్తనం.

"అంటే మన సిద్ధాంతం నీళ్ళలో కలిపినట్టేనా?" అన్నాడు తారక్.

"నా కంప్యూటర్‌లో సిద్ధాంతం నాది. వాళ్ళ కంప్యూటర్ వాళ్ళది."

చేతులు ఎత్తమంటే రెండే లేచాయి. ఒకటి వంశీధర్‌ది. రెండోది వెనక వరసలో హనుమత్ప్రసాద్ గారిది. ఆయన సభ్యుడు కారని తారక్ ఆ చేతిని లెక్కలోంచి తీసేశాడు.

వంశీధర్ కార్యదర్శి కాగితాలు బల్ల మీద పెట్టాడు. తన కుర్చీ ఎత్తుకుని గడప దాటాడు. మెట్ల మలుపులో, ఇంటి ఓనర్ ఒప్పుకున్న చోట, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తనని తానే వెలి వేసుకున్న మొదటి కార్యదర్శిగా మండలి చరిత్రలో అతని పేరు నిలిచింది. ఆ చరిత్ర ఇంకా ఎవరూ రాయలేదనుకోండి.

సంగతి హనుమత్ప్రసాద్ గారు అమీర్‌పేట దాకా మోశారు. తర్వాతి ఆదివారం, శిబిరం రోజు పొద్దున్నే సుష్మిత మానిటర్‌తో మెట్లెక్కి వచ్చింది. కుర్చీ వంక చూసింది, అతని వంక చూసింది.

"ఇది నా జాగ," అంది.

"ఇంటి ఓనర్‌ది."

"జర జరుగు."

జరిగాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ కలిసి పని చేశారు. ముందు అతను వచ్చినవాళ్ళకి రెండు నిమిషాల్లో చెప్పేవాడు. ఇరవై నిమిషాలదాన్ని రెండుకి కుదించడానికి అతనికి రెండు రోజులు పట్టింది. తర్వాత ఆమె ఏది పెట్టమంటారు అని అడిగేది. ఆశ్చర్యమేమిటంటే, వినడానికి రెండు నిమిషాలే పట్టేసరికి, కొందరు తెరిచినదే కావాలన్నారు.

మూడు గంటలకి తారక్ బయటికొచ్చాడు. అటూ ఇటూ చూసి, కొత్త ల్యాప్‌టాప్ సంచి సుష్మిత ఒళ్ళో పెట్టాడు.

"దీని వైర్‌లెస్ పలకట్లేదు," అన్నాడు, నోరు పెద్దగా కదలకుండా. "డ్రైవర్ ఏదో ఉంటుందట. ఎవరికీ చెప్పకు."

"చెప్పను అన్నా. కానీ ముందు గీయన చెప్పేది రెండు నిమిషాలు విను. రూల్."

తారక్ రెండు నిమిషాలు విన్నాడు. ముఖం ఎర్రబడింది కానీ విన్నాడు. ఎన్నుకున్నది ఏమిటో వంశీధర్ ఈ రోజుకీ ఎవరికీ చెప్పలేదు.

అతను వెళ్ళాక మెట్ల మీద ఇద్దరే మిగిలారు. కింద టిఫిన్ సెంటర్లో గిన్నెల చప్పుడు.

"సుష్మితా, నేను నిన్ను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. నీకు ఇష్టమైతేనే."

ఆమె స్క్రూలన్నీ అగ్గిపెట్టెలో వేసి మూత పెట్టింది.

"నేను చదవకుండ 'అంగీకరిస్తున్నాను' బటన్ నొక్కేటోళ్ళ లెక్క కాదు. షరతులు చెప్పు."

"షాపు నీదే, నువ్వే నడుపుతావు. అమ్మ మడి అమ్మది, నువ్వు పాటించక్కర్లేదు. నా ఉపన్యాసాలు రెండు నిమిషాలు దాటవు."

"దాచిపెట్టినవి ఏమున్నయ్? చిన్నక్షరాలు?"

వంశీధర్ ఆలోచించాడు. "ఒకటుంది. హనుమంతుడికి ఒక కొబ్బరికాయ బాకీ. ఇరవై ఏళ్ళది."

మొక్కు కథంతా విని ఆమె చాలాసేపు నవ్వింది. ఆ నవ్వుకి హాల్లోంచి ఇద్దరు తలుపు తెరిచి చూసి మూసుకున్నారు. "నొక్కిన పో," అంది చివరికి.

హైమవతి తనే సనత్‌నగర్ వెళ్ళి పోచయ్యని అడిగింది. బయట చుక్క నీరు తాగని మనిషి, వాళ్ళింట్లో కుర్చీలో కూర్చోగానే, ఎండగా ఉంది, కాసిని మంచినీళ్ళు ఇస్తారా అంది. పోచయ్య చెంబు అందించి, ఆవిడ తాగేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత ఒక్క మాటే అన్నాడు. "అల్లుడు మూతలు తీసెటోడేనా?" తీసేవాడే అంది హైమవతి. అంతే, అక్కడితో పెళ్ళిచూపులు అయిపోయాయి.

ముహూర్తం పెట్టుకున్నాక వచ్చిన మంగళవారం సాయంత్రం వంశీధర్, సుష్మిత, హైమవతి ముగ్గురూ సందు చివరి గుడికి వెళ్ళారు. కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని అతను ఆగిపోయాడు.

"ఒక చిక్కుంది," అన్నాడు. "అమ్మకి తెలియకుండా చూస్తే కొడతానని మొక్కాను. అమ్మకి ఆ రోజే తెలుసు. అంటే స్వామి పని చెయ్యలేదు. మరి బాకీ ఉన్నట్టా, లేనట్టా?"

"లేనట్టే," అంది హైమవతి. "మొక్కు చెల్లలేదు."

"ఎట్ల చెల్లలే ఆంటీ?" అంది సుష్మిత. "మీకు తెలుసన్న ముచ్చట ఇరవై ఏండ్లు ఈయనకు తెల్వకుండ చూసిండు. తిట్టు తప్పింది, పొంగలి దొరికింది. అడిగినదానికంటె ఎక్కువే చేసిండు పాపం. కొట్టు వంశీ."

హైమవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. వంశీధర్ కళ్ళు మూసుకుని, మనసులో ఆలస్యానికి క్షమాపణ చెప్పి, రాతి మీద కొట్టాడు.

కాయ ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది. పూజారి ఒక చెక్క తిరిగి ఇచ్చాడు. సుష్మిత జుట్టులోంచి స్క్రూడ్రైవర్ తీసి, చీర కొంగుతో తుడిచి, ముక్కలు చేసి, మొదటి ముక్క కాబోయే అత్తగారి చేతిలో పెట్టింది. హైమవతి ఆ స్క్రూడ్రైవర్ వంక ఒక్క క్షణం చూసింది. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది.